గంగాధరయ్య మందుల పెట్టె

కొట్రేశు ఆ పొద్దున కోపం ఆపుకోలేక గురువు నంజుండయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, గంగాధరయ్యగారి చేత వైద్యం మాన్పించాలి. జ్వరమని వెళ్ళిన హంపమ్మకు జ్వరం మాత్రకు బదులు కడుపు కడిగే నేపాళపు మాత్ర ఇచ్చారు. రెండు రోజులు విరేచనాలు. ప్రాణం మీదికొచ్చింది. నేను చూడబట్టి బతికింది."

గంగాధరయ్య పక్క ఊరి వైద్యుడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఈ నంజుండయ్య దగ్గరే వైద్యం నేర్చుకున్నవాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఆయన మీద చాలా గురి.

నంజుండయ్య నూరుతున్న వేరును పక్కన పెట్టాడు.

"ఆయన్ని కలిశావా?"

"కలిసి ఏమడగనయ్యా? మీరు ఊఁ అంటే ఊరూరా చెప్పి వస్తాను."

"పద," అని గురువు లేచాడు.

గంగాధరయ్య ఇంటికే అనుకున్నాడు కొట్రేశు. గురువు ముందు హంపమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీకు ఈ బాధ జబ్బు వల్ల రాలేదు. మేమిచ్చిన మందు వల్ల వచ్చింది. గంగాధరుడికి నేర్పింది నేను. ఇంకెవరికీ ఇలా జరక్కుండా చూసే పూచీ నాది."

హంపమ్మ ఆయన వైపు తిరిగింది. "ఎవరైనా వచ్చి ఈ మాట చెబుతారేమోనని చూస్తున్నానయ్యా," అంది.

అక్కణ్ణుంచి గంగాధరయ్య ఇంటికి వెళ్ళారు. ఆయన కంగారుగా లేచి గురువు కాళ్ళకు మొక్కాడు. గురువు మందుల పెట్టె తెరిచి, రెండు మాత్రలు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"జ్వరానిది ఏది?"

గంగాధరయ్య గుమ్మం దగ్గరికి వెళ్ళి, వెలుగులో వాటిని అటూ ఇటూ తిప్పాడు. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. చివరికి తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ళైంది?"

"ఏడాది కావస్తోందయ్యా. కళ్ళకు పొర కమ్మింది. చెబితే వైద్యం మాన్పిస్తారని భయపడ్డాను."

"మందులివ్వడం మాన్పిస్తాను," అంటూ గురువు పెట్టె మూసి కొట్రేశు చేతికిచ్చాడు.

కొట్రేశు కోరుకున్నది అదే. ఇక వెళ్ళిపోదామని గుమ్మం వైపు తిరిగాడు. గురువు కదల్లేదు. కుడిచెయ్యి గంగాధరయ్య ముందుకు చాచాడు.

"నాడి చూడు."

గంగాధరయ్య వేళ్ళు గాలిలో తడుముకున్నాయి. మణికట్టు మీద ఆనగానే నిలకడగా నిలిచాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మీకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. ఎడమ పక్క నొప్పి కూడా ఉండాలి."

"ఉంది."

పొద్దస్తమానం గురువు పక్కనే తిరిగే కొట్రేశుకు ఆ సంగతి తెలియదు.

"రేపట్నుంచి కళ్ళు బాగయ్యేదాకా మా ఇంట్లో ఉండు," అన్నాడు గురువు. "వచ్చినవాళ్ళ నాడి నువ్వు చూడు. మందు వీడు తీసిస్తాడు. రేపు నేనూ నీతో హంపమ్మ దగ్గరికి వస్తాను. జరిగింది నీ నోటితోనే ఆమెకు చెప్పు."

గంగాధరయ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వదల్లేక, అలాగే కూర్చుండిపోయాడు.

తిరుగుదారిలో కొట్రేశు పెట్టె మోస్తూ గురువు వెనక నడిచాడు. జొన్నచేలు దాటాక అడిగాడు.

"అయ్యా, నేను మీకు చెప్పడం తప్పా?"

"చెప్పకపోతే తప్పు."

మరి కొంతదూరం నడిచారు. ఉన్నట్టుండి కొట్రేశు ఆగిపోయాడు.

"అయ్యా, పోయిన నెల ఈరన్న చేతికి కట్టు కట్టింది నేనే. బిగువెక్కువైంది. తర్వాత వదులు చేశాను గానీ రెండు వేళ్ళు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. మీకు చెప్పలేదు."

గురువు వెనక్కి తిరిగి అతని ముఖంలోకి చూశాడు.

"ఈరన్న ఇల్లు ఎటు?" అని అడిగాడు.