చావకూడని రాజు

గ్రీకుల దేశంలో, సముద్రాన్ని ఆనుకొని మెలంథి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని థ్రాసిలోస్ ఏలేవాడు. మంచివాడే కాని, పొగడ్త చెవిన పడితేగాని ఆయనకు ముద్ద దిగేది కాదు.

అక్కడ ఏటా వసంతోత్సవానికి కొండవాలున తొలిచిన రాతిమెట్ల మీద ఊరంతా కూర్చుని నాటకం చూసేది. ఆ ఏడు నాటకం రాసినవాడు ఆస్థానకవి ఫైదిమోస్. గర్వంతో కన్నూమిన్నూ కానని ఒక ముసలిరాజు చివరకు కత్తివేటుకు కూలిపోవడం అందులో కథ.

ముందురోజు థ్రాసిలోస్ కవిని పిలిపించాడు.

"రాజు చావడమేమిటయ్యా, అపశకునం! నాటకంలోనైనా సరే, నా ఎదుట రాజన్నవాడు చావకూడదు. చచ్చాడో, నిన్ను ఓడెక్కించి దేశం దాటిస్తాను."

"రాజు చావకపోతే నాటకం ముగియదు, ప్రభూ."

"ముగియకపోతే మానె!"

"చిత్తం" అన్నాడు ఫైదిమోస్. పైకి తొణకలేదుగాని, ఆ ఊరు విడిచి బతకడం తన వల్ల కాదని అతనికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే నాటకం మొదలైంది. అది ముగిసేదాకా రాజైనా సరే లేవకూడదని అక్కడి దేవుడి ఆన. ముసలిరాజు వేషగాడు కత్తివేటుకు ఒరిగాడు. జనం కంటతడి పెట్టారు. అంతలో అతను లేచి కూర్చుని, "ప్రాణం పోలేదు" అని రాగం ఎత్తుకున్నాడు. చుట్టూ గాయకులు మెల్లగా అడుగులు వేస్తూ సముద్రంలోని అలలను ఒక్కొక్కటిగా వర్ణించసాగారు.

మధ్యాహ్నం దాటింది. ఎండ తేనెరంగుకు తిరిగింది. కింద సముద్రం ఆ పాటకే ఊగుతున్నట్టుంది. పిల్లలు తల్లుల ఒళ్లలో నిద్రపోయారు. చూస్తున్నది నాటకమో కలో పెద్దవాళ్లకే తెలియలేదు. ముసలిరాజు మళ్లీ ఒరిగాడు, మళ్లీ లేచాడు.

థ్రాసిలోస్‌కు నడుము పట్టేసింది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

"ఇంకెంతసేపయ్యా?" అన్నాడు పక్కనున్న కవితో.

"ఇప్పటికి మూడొందల అలలే అయ్యాయి, ప్రభూ. సముద్రం చాలా పెద్దది."

రాజు ఇక ఉండబట్టలేక చేతులు జోడించి, "ఓరి ముసలోడా, నీకు దణ్ణం పెడతాను, చచ్చిపోరా!" అని కేక పెట్టాడు.

వేషగాడు తటాలున వాలిపోయాడు. పాట ఆగింది. అలల చప్పుడొక్కటే మిగిలింది.

ఫైదిమోస్ వినయంగా వంగి, "రాజును చంపించింది నేను కాదు, ప్రభూ. ఓడ ఎవరికోసం సిద్ధం చేయమంటారు?" అన్నాడు.

థ్రాసిలోస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు కొండవాలంతా మేలుకుని నవ్వింది. ఆయన తన తలమీది పూలకిరీటం తీసి కవి తలకు పెట్టాడు.

"వచ్చే ఏడు నీ ఇష్టం వచ్చిన రాజును చంపుకో, ఫైదిమోస్. కాని భోజనం వేళకు ముందే చంపెయ్యి!"