కన్ను తెరవని బొమ్మ

తెర వెనక ఫోన్‌తో వీడియోలు తీయవద్దని వన్నూరప్ప చెప్పిన రోజు నుంచి తిప్పేస్వామి ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు.

వన్నూరప్ప తోలుబొమ్మలాట గురువు. ధర్మవరం చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన గొంతు లేస్తే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసుకుంటారని పేరు. తిప్పేస్వామి తండ్రి ఆయన మేళంలోనే ఆడి, ఆ మేళంలోనే కన్నుమూశాడు. తిప్పేస్వామి, అతని అక్క సుంకమ్మ ఆ తెర వెనకే పెరిగారు. తోలు గీకడం, ఉలితో చిల్లులు కొట్టడం, కాలికింద చెక్క తొక్కుతూ పాడటం తిప్పేస్వామికి పట్టుబడ్డాయి. మిగిలింది ఒక్కటే, చివరగా కంటి చిల్లు కొట్టి బొమ్మకు కన్ను తెరవడం. అది గురువు ఇంకా నేర్పలేదు.

శిష్యుడికి ఇంకో వ్యాపకం ఉంది. లేచింది మొదలు పడుకునే దాకా తనను తాను ఫోన్‌లో తీసుకుని లోకానికి చూపించడం. తిన్నది చూపేవాడు. ఎక్కిన బస్సు చూపేవాడు. ముఖం ఎరగనివాళ్ళు వేలమంది చూసేవాళ్ళు.

“తెర వెనక తీస్తే తప్పేముందయ్యా?” అని ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

“ఆట తెర ముందర. వెనక ఉండేది ఆట కాదు.”

“నాకు దాచుకునేదేముంది? దొంగతనం చేసినానా? తప్పు చేసినోడికి గదా భయం.”

వన్నూరప్ప చేతిలో ఉలి కింద పెట్టాడు. “మీ అక్క?”

సుంకమ్మ మొగుడు తాగి వచ్చి ఆమె మీద కిరసనాయిలు పోసినవాడు. అగ్గిపుల్ల తడిసి ఉండబట్టి ఆమె బతికింది. ఆ తెల్లవారే తమ్ముడు ఆమెను దూరంగా ఒక ఊరు చేర్చాడు. ఏ ఊరో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు, గురువుకు కూడా.

“అక్క సంగతి ఒక్క ముక్క పెట్టలేదు. ఆమె ముఖం గాని, పేరు గాని ఎక్కడా లేదు. ఆ మాత్రం తెలివి లేదా నాకు? బావ తలకిందులుగా తపస్సు చేసినా కనుక్కోలేడు.”

“సరే. నువ్వు పెట్టినవన్నీ నాకు చూపించు. మొదటి నుంచి.”

తిప్పేస్వామి పొంగిపోయాడు. ఇన్నాళ్ళకు గురువు తన గొప్ప చూడబోతున్నాడనుకున్నాడు. రోజూ పని అయ్యాక పక్కన కూర్చుని చూపించాడు. వన్నూరప్ప కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఒక్కోసారి మాత్రం “మళ్ళీ వెయ్యి” అనేవాడు. మళ్ళీ చూసేవాడు. పెదాలు కదిపేవాడు.

తర్వాత ఆయన ఒక మేకతోలు నానబెట్టాడు.

తోలు ఆరింది. గీకితే అద్దంలా అయింది. గురువు గీత గీశాడు, ఉలి అందుకున్నాడు. ఏం బొమ్మ అని తిప్పేస్వామి అడగలేదు. అడిగితే చెప్పే మనిషి కాదు. ముందు కాళ్ళు వచ్చాయి. ఎడమ పాదం కొంచెం బయటికి తిరిగి ఉంది. ఎక్కడో చూసిన నడక అనిపించింది. ఆ తర్వాత చొక్కా, పైన గుండీ లేకుండా. ఆ తర్వాత గడ్డం కింద చిన్న గాటు.

తిప్పేస్వామి చెయ్యి దానంతట అదే గడ్డం కిందికి పోయింది. చిన్నప్పుడు ఉలి జారి తగిలిన మచ్చ అక్కడే ఉంది.

“అయ్యా, మన మేళంలో బతికున్న మనిషికి బొమ్మ కోయరు గదా.”

“కోయరు.”

“ఎందుకు కోయరో మా నాయన చెప్పేవాడు. కన్ను తెరిచినాక బొమ్మను ఆడించే పుల్లలు ఎవరి చేతిలో ఉంటే వాడు చెప్పినట్టు ఆడతాదని.”

వన్నూరప్ప తల ఎత్తలేదు. ఉలి మీద సుత్తి దెబ్బ పడుతూనే ఉంది. ఆ దెబ్బ పడినప్పుడల్లా తిప్పేస్వామి ఒంట్లో ఎక్కడో చుర్రుమనేది. పనిచేసే చోటు వదిలి దూరంగా పోయి కూర్చున్నా అది ఆగలేదు.

మిట్టమధ్యాహ్నం గురువు పిలిచాడు. గది తలుపులు మూసి ఉన్నాయి. లోపల తెర కట్టి ఉంది. వెనక దీపం వెలుగుతోంది.

“నువ్వు ముందర కూర్చో.”

తిప్పేస్వామి పుట్టి బుద్ధెరిగాక తెర ముందర కూర్చోవడం అదే మొదలు. బయట ఎండ మండుతోంది. గదిలో మాత్రం గచ్చు చల్లగా తగిలింది.

పొట్ట ఊపుకుంటూ నవ్వించే బొమ్మ వచ్చింది. దానికెదురుగా ఎడమ పాదం ఈడ్చుకుంటూ రెండో బొమ్మ వచ్చింది. ఒళ్ళంతా చిల్లుల్లోంచి వెలుగు. కన్ను ఉండవలసిన చోట మాత్రం నలుపు.

“ఏమప్పా, పెద్దమనిషీ, ఎవరు నువ్వు?”

“నన్నే ఎవరంటావా? తిప్పేస్వామిని! చూడండి మల్ల!”

తిప్పేస్వామి ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు తనది. మాట చివర సాగదీత తనది. ప్రతిరోజూ ఫోన్ ముందు అనే “చూడండి మల్ల” తనది.

“పొద్దున్నే ఏం మేస్తావు?”

“బొరుగుల ఉగ్గాని. పక్కన బజ్జీ లేకుంటే ముద్ద దిగదు.”

“పడక?”

“మిద్దె మీద. ఎండాకాలం తలుపు గడియ పెట్టను.”

“దొంగలొస్తే?”

“వస్తే రానీ. దాచుకునేదేముంది నాకు!”

తిప్పేస్వామికి నవ్వొచ్చింది. నవ్వాడు కూడా. తెర మీద బొమ్మ కూడా అలాగే, అదే ఊపిరితో నవ్వింది. అతని నవ్వు ఆగిపోయింది. బొమ్మ నవ్వు ఇంకాసేపు సాగింది.

“అమావాస్య దాటితే ఊళ్ళో కనపడవే, యాడికి పోతావు?”

“బస్సెక్కుతాను. కిటికీ పక్కన సీటు. కొండలు చూపిస్తాను అందరికీ.”

“దిగేది?”

“గడియారం స్తంభం కాడ. ఊరి పేరు నేను చెప్పలేదే! బస్సు బోర్డు చెప్తాది.”

“తిండి ఎవరింట్లో?”

“ఎవరింట్లోనో. నేను చెప్పను. సజ్జరొట్టె మాత్రం చూడండి మల్ల! అంచు చిటికెతో నొక్కి పువ్వు మాదిరి చేసుండారు. ఈ పక్క ఎవరూ ఇట్లా చేయరు. మా అమ్మ చేసేది. మా అమ్మ దగ్గర నేర్చుకున్న చెయ్యి భూమ్మీద ఒక్కటే ఉండాది.”

తిప్పేస్వామి లేచి నిలబడ్డాడు.

“ఆ ఇంటి కిటికీలోంచి ఏం కనపడతాది?”

“మిరపకాయల గోదాము. దాని పక్క పచ్చ మినారు.”

“ఇంట్లో ఉండేది ఎవరు?”

బొమ్మ నెమ్మదిగా ముఖం తిప్పింది. కన్ను లేని ఆ నల్లటి చోటు సూటిగా తిప్పేస్వామి వైపు వచ్చి ఆగింది.

“నువ్వు చెప్పకపాయె,” అంది నవ్వించే బొమ్మ. “అయినా తెలిసిపాయె.”

తిప్పేస్వామి తెర పక్కకు లాగేశాడు. దీపం ముందు వన్నూరప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

“మీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలేదు. నువ్వు చూపించినావు, నేను కోసినాను.”

తిప్పేస్వామి అక్కకు, ఆమె ఎన్నడూ మార్చని పాత నంబరుకు, ఫోన్ చేశాడు. ఎత్తగానే ఆమె విసుక్కుంది.

“ఏమిరా, పొద్దున చేసినావు, మళ్ళీ ఏమొచ్చె?”

“నేను చేయలేదక్కా.”

“పరాచికాలా? కొత్త నంబరు అంటివి. ఏ వీధి, తలుపు ఏ రంగు, మర్చిపోయినానక్కా అంటివి. నెలనెలా వచ్చేవాడివి మర్చిపోయేదేందిరా అని తిట్టి మరీ చెప్పినా.”

“అది నేను కాదు.”

“నీ గొంతే కదరా.” అవతల తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. “నీ గొంతే కదా... తిప్పా?”

“వెనక తలుపున బయటికి రా అక్కా. ఏమీ సర్దుకోవద్దు. బస్సెక్కు.”

ఫోన్ పెట్టేసి అతను గురువు వైపు చూశాడు. వన్నూరప్ప బొమ్మను అతని చేతికిచ్చాడు.

“నేను కన్ను తెరవలేదు నాయనా. నువ్వు లోకానికి పంచిన గొంతు పట్టుకుని ఇంకెవడో తెరిచినాడు.”

పొద్దు గూకేసరికి సుంకమ్మ కట్టుబట్టలతో వచ్చింది. మర్నాడు పక్కింటామె ఆమెకు ఫోన్‌లో చెప్పింది. ఎవరో మగమనిషి వచ్చాడట. తలుపు తట్టలేదట. గడప మీద కూర్చుని, చీకటి పడే దాకా ఒకటే నవ్వుకుంటూ ఉన్నాడట.

ఆ రోజు తిప్పేస్వామి తాను పెట్టినవన్నీ ఒక్కొక్కటే తుడిచేశాడు. తుడిచి గురువు ముందు నిలబడ్డాడు.

“అన్నీ తీసేసినానయ్యా. ఈ బొమ్మను కూడా లేకుండా చేయండి.”

వన్నూరప్ప బొమ్మను నీళ్ళ తొట్టిలో వేశాడు. చాలాసేపు కూర్చున్నారు. తోలు నాని, రంగు వదిలి, పచ్చి చర్మంలా మెత్తబడింది. గురువు దాన్ని రెండు చేతులా పైకెత్తి ఎండకు పట్టాడు. వెలుగు చుక్కలు చుక్కలుగా తిప్పేస్వామి ముఖం మీద పడింది.

“తోలు నానింది. చిల్లులు పూడినాయేమో చూడు.”

తిప్పేస్వామి చూశాడు. చిల్లులు చిల్లులుగానే ఉన్నాయి.

సుంకమ్మ మరో ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అక్కాతమ్ముళ్ళు తెర వెనక కూర్చున్నారు. చిన్నప్పుడు ఆట లేని పూటల్లో ఇద్దరూ చెక్క మీద తొక్కిన దరువు ఒకటుంది. అది ఏ ఆటలోనూ వాడింది కాదు, పిల్లలు తమకోసం కట్టుకున్నది. ఎవరూ ఫోన్‌లో తీసింది కాదు. ఆ దరువు ఏదో వాళ్ళిద్దరికే తెలుసు. ఫోన్‌లో గొంతు మీద అనుమానమొస్తే అదే గుర్తు అనుకున్నారు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం తిప్పేస్వామి చెక్క మీద నిలబడి సాధన చేస్తుంటే ఫోన్ మోగింది. ఎత్తాడు. అవతల అక్క ఊపిరి వినిపించింది. ఆమె గుసగుసగా మాట్లాడింది.

“ఇంతకు ముందే నువ్వు చేసినావు. బాగుండావా అక్కా అన్నావు. అమ్మను తలుచుకుని ఏడ్చినావు. నాకూ ఏడుపొచ్చింది. ఎందుకైనా మంచిదని, చెక్క తొక్కమన్నా. నువ్వు నవ్వినావు. నవ్వుతానే పెట్టేసినావు.”

తిప్పేస్వామి గోడ వైపు చూశాడు. ఎండి ముడతలు పడిన బొమ్మ మేకుకు వేలాడుతోంది. గాలి లేదు. అది కదలలేదు. కన్ను ఇప్పటికీ నలుపే.

“తిప్పా?” అంది అక్క. “ఇప్పుడు మాట్లాడేది ఎవరు?”

అతను నోరు తెరవలేదు. ఫోన్‌ను కిందికి దించి, పాదం దగ్గర పెట్టి, చెక్క తొక్కాడు.