అరిగిన ముఖం

ఫాయున్ గురువు ఏ ప్రశ్నకూ వెంటనే బదులివ్వరు. అడిగినవాడికే విసుగొచ్చేదాకా ఊరుకుంటారు. దావోజిన్ అనే శిష్యుడు ఆ రోజు అడిగింది మాత్రం ఊరుకుంటే తీరేది కాదు. ఈ కొండమీది మఠానికి రాకముందు అతను పదకొండేళ్లు వేరొక గురువును కొలిచాడు. ఆయన దొంగ సన్యాసి అని ఈమధ్యే తేలింది. మూడు రోజులుగా దావోజిన్ జపమాల ముట్టలేదు.

"అన్నేళ్ల జపమూ బూడిదలో పోసిన పన్నీరేనా?" అన్నాడు.

గురువు ఒక శిల్పి సంగతి చెప్పారు.

సుజౌ పట్నంలో షెన్ అనేవాడు జేడ్ అనే విలువైన పచ్చరాతితో బుద్ధమూర్తులు చేసేవాడు. జేడ్‌ను ఉలితో చెక్కరు. తడి ఇసుక వేసి నెలల తరబడి అరగదీస్తారు, అంత గట్టిది. లియు అనే ఆవిడ కొడుకు పడవ మునిగి పోయాడు, శవమైనా దొరకలేదు. ఒంటిమీది బంగారమంతా ఇచ్చి ఆవిడ గ్వాన్‌యిన్ బొమ్మ చేయించుకుంది. లోకం మొరలు ఆలకించే మన అవలోకితేశ్వరుడే అక్కడ గ్వాన్‌యిన్ అనే తల్లి. షెన్ ఏదో మెత్తని పచ్చరాయిని వారంలో చెక్కేసి, జేడేనని చేతిలో పెట్టాడు. ఏడ్చే కళ్లకు రాళ్లలో తేడా ఏం తెలుస్తుంది, పాపం.

ఇరవై ఏళ్లకు ఆవిడ ఆ బొమ్మను గుడ్డలో చుట్టుకుని వచ్చింది. కళ్లు, ముక్కు, పెదవులు అన్నీ అరిగి నున్నగా ఉన్నాయి.

"రోజూ వాడి పేరు చెప్పుకుంటూ తల్లి చెంపలు నిమిరాను నాయనా. నా పాపిష్టి చెయ్యి అమ్మ మొహాన్ని తినేసింది," అంది.

అసలు జేడ్ వందేళ్లు నిమిరినా అరగదు. ఆ ఒక్క ముక్క చెబితే ఆవిడ బరువు దిగిపోయేది, షెన్ పరువూ దానితోపాటే పోయేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. మనసు ఊరుకోక, ఏడాదిపాటు కష్టపడి అసలు జేడ్‌తో మరో బొమ్మ చేసి ఊరికే ఇచ్చాడు. నెల తిరక్కుండా ఆవిడ దాన్ని తెచ్చి వెనక్కిచ్చేసింది. ఈ తల్లి తన మాట వినడం లేదంది. ఆ చలికాలమంతా ముఖం లేని పాత బొమ్మ ముందే కూర్చుంది. చేతులు మాత్రం అంగీలోంచి బయటికి తీయలేదు. మళ్లీ తాకుతానేమోనని భయం. అలాగే పోయింది.

ఆవిడ మొరలు ఆ తల్లికి చేరాయా అని దావోజిన్ అడిగాడు.

"రాయి అరిగింది కదా," అన్నారు గురువు. "ఆవిడకు చేరనిది షెన్ చెప్పాల్సిన ఆ ఒక్క మాటే."