చిటికెల చెంచయ్య ఆవలింత

ఒకానొక రాజ్యం ఉండేది. అదెక్కడ అని మాత్రం అడక్కండి, చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ కర్రలు పట్టుకుని నా మీదికి వస్తారు. దాన్ని చండమార్తాండ భూపాలుడనే ప్రభువు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గాని, ఆయన బిరుదులన్నీ చదవాలంటే ఒక పూట పట్టేది. పొరుగు రాజులను జయిద్దామంటే అంత సైన్యం లేదు. అందుకని ఆయన తన ఒంటిని తానే జయించానని చాటించుకున్నాడు.

ఈ ముచ్చట ఆయన చెవిలో వేసినవాడు ఆస్థాన వైద్యుడు వరాహభట్టు. మామూలు మనుషుల ఒళ్ళు అడిగేవాడు లేని ఊరు లాంటిదనీ, ఏ అవయవం పని అది చేసుకుపోతుందనీ, ప్రభువుల ఒంట్లో మాత్రం ప్రభువుల ఆజ్ఞ లేనిదే ఒక్క నరం కదలదనీ చెప్పాడట. ఆ వైద్యుడు ఇచ్చిన మందులన్నిటిలోకీ ప్రభువుకి బాగా పట్టింది ఇదొక్కటే.

ఆనాటి నుంచి ఆయనకి తుమ్మొస్తే, తుమ్మేశాక మూతి తుడుచుకుని "మేమే ఆజ్ఞాపించాం" అనేవాడు. ఎక్కిళ్ళొచ్చినా అదే మాట. ఒకసారి నిండు కొలువులో ఊపిరి బిగబట్టి చూపించాడు. మొహం ఎర్రబడింది, తర్వాత నీలంగా తిరిగింది, చివరికి కొలిమితిత్తిలా బుస్సుమని వదిలేసి రొప్పుతూ, "ఇక పీల్చుకోమని మేమే ఆజ్ఞాపించాం" అన్నాడు. కొలువంతా చప్పట్లు. ఆ కొలువులో ప్రభువు ఊపిరి ఆపినా చప్పట్లే, వదిలినా చప్పట్లే.

అక్కడే చెంచయ్య అని ఒక చిన్న ఉద్యోగి ఉండేవాడు. అతని పని చిటికెలు వేయడం. పసిబిడ్డ ఆవలిస్తే తల్లి దాని నోటి ముందు చిటికె వేస్తుంది కదా, మరి ప్రభువు ఆవలిస్తే ఎవరు వేయాలి? ఆయన చిటికె ఆయనే వేసుకుంటే మర్యాదగా ఉంటుందా? అందుకని ఆ పనికి తాతల నాటి నుంచీ చెంచయ్య ఇంటివాళ్ళను పెట్టి, కాస్త మాన్యం ఇచ్చారు.

ఒంటిని జయించాక ప్రభువు ఆవలించడం మానేశాడు. ఆవలింత వచ్చినప్పుడల్లా దవడలు బిగించి లోపలే అణిచేసేవాడు. ముక్కుపుటాలు ఉబ్బేవి, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగేవి. ప్రభువులు ప్రజలను తలుచుకుని కంటతడి పెట్టారని వరాహభట్టు అందరికీ చెప్పేవాడు. చెంచయ్య సింహాసనం పక్కన వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని ఊరికే నిలబడేవాడు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ప్రభువు తన దేహవిజయం మీద తానే ఒక కావ్యం రాసి, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కొలువులో చదవడం మొదలుపెట్టాడు. బయట ఎండ, పొట్టలో పెరుగన్నం, చెవిలో సీసపద్యం. ఆవలింతలు రాక ఏమొస్తాయి? అవి చూసి ఆయనకి ఒళ్ళు మండిపోయింది. కొలువులో ఆవలించినవాడు ఎంతటివాడైనా సరే రాజధిక్కారి అనీ, వాణ్ణి ఇంటిల్లిపాదితో సహా ఏటి అవతలి అడవిలోకి వెళ్ళగొట్టాలనీ శాసనం చేశాడు.

దానికి మొట్టమొదట చిక్కినవాడు, ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి, ఆవలింతల మీదే బతికే చెంచయ్య.

అతని పెళ్ళాం కొద్దిరోజుల కిందటే ఆడపిల్లను కన్నది. ఆ పిల్లకి పగలంతా నిద్ర, రాత్రంతా ఏడుపు. చెంచయ్యకి కంటిమీద కునుకు లేదు. ఆ మధ్యాహ్నం ప్రభువు తన మోకాళ్ళ మహిమను వర్ణిస్తుండగా చెంచయ్య నోరు దానంతటదే తెరుచుకుంది. తెరుచుకోవడం అంటే మామూలుగా కాదు, కొండనాలుక కనిపించేంతగా తెరుచుకుంది. ప్రభువు పద్యం మధ్యలో ఆపేశాడు. భటులు వచ్చి చెంచయ్య చేతులు కట్టి తీసుకుపోయారు. మర్నాడు విచారణ, ఆ వెంటనే వెళ్ళగొట్టడం.

ఏరు పోటుమీద ఉంది. పచ్చి బాలింతతో, పొత్తిళ్ళలో పిల్లతో దాన్ని దాటడమంటే ముగ్గురి ప్రాణాల మీదికి వచ్చినట్టే. చెంచయ్య ఏం చేయాలో దిక్కుతోచక హాస్యగాడు ఓబళయ్యకి కబురు పెట్టాడు.

ఓబళయ్య ఆ కొలువులోవాడే. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వెళ్ళి చూసేసరికి చెంచయ్య చెరసాల గోడకి చేరగిలబడి ఉన్నాడు. "అయ్యా, నేను ఆవలించలేదు. ఆవలింతే వచ్చి నన్ను పట్టుకుంది. ఈ మాట చెబితే ఎవరు నమ్ముతారు?" అన్నాడు. పిల్లనైనా ఏరు దాటించకుండా వదిలేస్తే చాలునని ఏడ్చాడు.  ఓబళయ్య తాను చూసుకుంటానని ధైర్యం చెప్పి, విచారణ పొద్దున కాకుండా మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగేలా ఏర్పాటు చేయించాడు. ఆ రాత్రి అతనికీ నిద్ర పట్టలేదు.

మర్నాడు అందరూ కడుపునిండా తిని వచ్చి కూర్చున్నారు. చెంచయ్యను చేతులు ముందుకు కట్టి తెచ్చి సింహాసనం పక్కనే నిలబెట్టారు. ఓబళయ్య లేచి, ఇతను ఆవలించిన మాట నిజమేననీ, కానీ అది ఇతను చేసిన పని కాదు, ఇతని ఒళ్ళు చేసిన పని అనీ విన్నవించాడు. తమ ఎదుట నిలబడ్డాక మామూలువాడి ఒళ్ళయినా ఆజ్ఞ లేకుండా ఏ పనీ చేయదనీ, వీడు కావాలనే ఆవలించాడనీ ప్రభువు కొట్టిపారేశాడు.

"ఆజ్ఞ లేకుండా కూడా ఆవలింత వస్తుందని ఇప్పుడే, ఇక్కడే చూపిస్తే?" అన్నాడు ఓబళయ్య.

"చూపిస్తే వీడు నిర్దోషి. అయితే ఒళ్ళు అదుపులో లేనివాళ్ళ నోళ్ళు చూపించి గెలిచానంటే కుదరదు. తన ఒంటిని గెలిచినవాడు ఆవలించాలి. చూపించలేకపోయావా, వీడితో పాటు నువ్వూ ఏరు దాటుతావు."

తన ఒంటిని గెలిచినవాడు ఆ రాజ్యంలో ఒక్కడే ఉన్నాడు. కొలువంతా ఆయన వైపు చూసింది. అందరూ తననే చూస్తున్నందుకు ప్రభువు సంతోషించాడు కూడా.

విచారణ జరిగినంతసేపూ శాసనం నుంచి మినహాయింపు ఇప్పించాలని ఓబళయ్య కోరాడు. ప్రభువు చేయి ఊపి, "మినహాయింపు మీ అందరికీ. మాకు అక్కర్లేదు" అన్నాడు. ఓబళయ్య వంగి దండం పెట్టాడు.

ముందుగా అతను ఒంటి సంగతులు చెప్పుకొచ్చాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం, నమలడం మన చేతిలో పనే. గొంతులోకి జారాక అది ఎటు పోతుందో, ఏ పేగులో ఎంతసేపు కూర్చుంటుందో మనల్ని అడగదు. మనం నిద్రపోయినా గుండె నిద్రపోదు. కంటిపాప ఎండకి చిన్నదై చీకటికి పెద్దదవడానికి ఎవరి సెలవూ పుచ్చుకోదు. ఊపిరి ఒక్కటే కాస్త మర్యాద తెలిసిన నౌకరు. ఆగమంటే కాసేపు ఆగుతుంది, ఆ తర్వాత యజమానిని తోసుకుని మరీ లోపలికి వస్తుంది. ప్రభువుకి ఆనాటి నీలం మొహం గుర్తొచ్చిందేమో, సింహాసనంలో కాస్త కదిలాడు.

"ఇక ఆవలింత సంగతి" అని ఓబళయ్య గొంతు తగ్గించాడు. జోలపాట పాడినంత మెల్లగా చెప్పసాగాడు.

"అది ముందు చెవుల దగ్గర, దవడ కీళ్ళలో మొదలవుతుంది ప్రభూ. అక్కడ సన్నగా లాగినట్టుంటుంది. పట్టించుకోకపోతే పోతుందిలే అనుకుంటాం, పోదు. నాలుక మెల్లగా వెనక్కి జరుగుతుంది. గొంతు వెడల్పవుతుంది. చెవిలో టిక్కుమని, ఎదుటివాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. అప్పుడు చల్లటి గాలి లోపలికి... ఇంకా లోపలికి... రొమ్ము నిండా..."

మీకు కూడా వస్తోందా? రానివ్వండి, మొహమాటపడకండి. నా కథకి ఏ శాసనమూ లేదు.

వరాహభట్టుకి అనుమానమొచ్చింది. ఇదంతా వాతప్రకోపం తప్ప మరేమీ కాదని ఖండించడానికి గొంతు సవరించుకుని లేచాడు. "ఆవలింత అనగా వాత..." అని అక్కడే ఆగిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, కళ్ళు మూసుకుపోయాయి. ఆయన్ని చూసి దండనాయకుడు, దండనాయకుణ్ణి చూసి పురోహితుడు, వాళ్ళిద్దర్నీ చూసి వింజామరలు వీచేవాళ్ళు ఆవలించారు. కొలువు కొలువంతా నోళ్ళు తెరిచింది.

ఓబళయ్య ఆపలేదు. "చూస్తే వస్తుంది. వింటే వస్తుంది. తలుచుకున్నా చాలు, వస్తుంది. ఎందుకొస్తుందో ఇంతవరకూ ఏ పండితుడూ తేల్చిచెప్పలేదు. విసుగుపుడితేనే వస్తుందంటారు. మరి గోదాలోకి దిగబోయే వస్తాదు ఎందుకు ఆవలిస్తాడు, వాడికి విసుగా? పుట్టిన పిల్ల ఆ రోజే ఆవలిస్తుంది. ఆ పసిదానికి ఏ రాజుని ధిక్కరించాలని ఉంటుంది?"

చెంచయ్య కళ్ళు తుడుచుకోవడానికి కట్టిన చేతులు పైకెత్తాడు.

ప్రభువు దవడలు బిగించి కూర్చున్నాడు. ముక్కుపుటాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు నిండి చెంపల మీదికి జారాయి.

"ప్రభువులు ప్రజలను తలుచుకుంటున్నట్టున్నారు" అన్నాడు ఓబళయ్య ఎంతో భక్తిగా.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ప్రభువుకి ఒక్కటే దారి, వీడి నోరు మూయించడం. దానికి తన నోరు తెరవాలి. ఆ సంగతి ఆయనకి తెరిచాక గాని తెలియలేదు.

"ఇక చా..."

అంతే. అన్నాళ్ళ నుంచీ మింగిన ఆవలింతలన్నీ ఒక్కటై వచ్చాయా అన్నట్టు వచ్చింది. మీసాలు పైకి లేచాయి, కిరీటం వెనక్కి వాలింది, రెండు చేతులూ వాటంతటవే ఒళ్ళు విరుచుకున్నాయి.

ఆ నిశ్శబ్దంలో టప్, టప్, టప్ అని చిటికెలు వినిపించాయి. అందరూ తిరిగి చూశారు. కట్టేసిన చేతులతోనే చెంచయ్య చిటికెలు వేస్తున్నాడు. తన వేళ్ళు ఏం చేస్తున్నాయో అప్పుడు చూసుకుని, హడలిపోయి చేతులు పంచెలో దాచుకున్నాడు.

ప్రభువు మూతి తుడుచుకున్నాడు. అలవాటైన మాట అలవాటుగా వచ్చేసింది. "మేమే ఆజ్ఞాపించాం."

"చిత్తం" అన్నాడు ఓబళయ్య. "కొలువులో ఆవలించినవాడు ఎంతటివాడైనా సరే అన్నది తమ శాసనం. తమకి మినహాయింపు అక్కర్లేదన్నదీ తమరే. ఆజ్ఞాపించి ఆవలించి ఉంటే తమరు ఏరు దాటాలి. దానంతటదే వచ్చి ఉంటే చెంచయ్య ఇంటికి పోవాలి. ఈ రెంటిలో ఏదో సెలవివ్వండి ప్రభూ."

 ప్రభువు ఓబళయ్యను చూశాడు, కట్టేసిన చేతులను చూశాడు, కిటికీలోంచి పొంగుతున్న ఏటిని కూడా ఒకసారి చూశాడు. ఆయన మీసం వణికింది. కోపమనే అందరూ అనుకున్నారు. కాదు, నవ్వు. ముందు ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి, ఆ తర్వాత పొట్టంతా కదిలేలా వచ్చింది.

"ఈ నవ్వుకి ఆజ్ఞ అయిందా ప్రభూ?" అని అడిగాడు ఓబళయ్య.

"లేదయ్యా. ఇదీ మా మాట వినడం లేదు" అని ప్రభువు పొట్ట పట్టుకున్నాడు.

చెంచయ్య కట్లు విప్పించి, పిల్లకి ఉయ్యాల, తల్లికి పట్టుచీర ఇప్పించి, ఆ రోజుకి ఇంటికి పోయి హాయిగా నిద్రపొమ్మన్నాడు. ఓబళయ్య చేతికి తన కంకణం తీసి తొడిగాడు. శాసనం రద్దయింది. కావ్యం మాత్రం రద్దు కాలేదు. వరాహభట్టు రోజూ మొదటి వరసలో కూర్చుని దాన్ని వినాలని ఆజ్ఞ అయింది.

ఆ సాయంత్రం ప్రభువు పూలతోటలో తిరుగుతూ ఓబళయ్యను పక్కకి పిలిచాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి అసలు సంగతి అడిగాడు.

"ఇక్కడ ఎవరూ లేరు, నిజం చెప్పు. చెంచయ్య ఆవలించింది పిల్ల ఏడుపు వల్లనా, మా కావ్యం వల్లనా?"

ఏ చమత్కారానికీ లొంగని ప్రశ్న అది. కావ్యం వల్లనంటే కంకణం ఊడుతుంది, పిల్ల వల్లనంటే అది సగం అబద్ధమని ఆయనకే తెలిసిపోతుంది. ఓబళయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. రాత్రి నిద్రలేని మనిషి కదా, ఆ తెరిచిన నోరు ఇంకా ఇంకా తెరుచుకుంటూ పోయింది. అందులో నటనేమీ లేదు, కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి.

చిటికె వేయడానికి చెంచయ్య లేడు. ప్రభువు అటూ ఇటూ చూశాడు. తోటలో ఇంకెవరూ లేరు. ఆయనే చేయి చాచి, హాస్యగాడి నోటి ముందు తల్లి వేసినంత నెమ్మదిగా చిటికెలు వేశాడు.

"అర్థమైందిలే" అన్నాడు నవ్వుతూ. మర్నాటి నుంచి కావ్యం భోజనాలకి ముందే చదివాడు, అదీ రోజుకి ఒక్క పద్యమే.