నీళ్ళు అడగని చెట్టు

రాజుగారికి నీళ్ళు అడగని అడవి కావలసి వచ్చింది. బోడికొండ పచ్చగా కనపడాలి, దానికోసం ఒక్క బిందె కూడా మోయకూడదు.

అధికారి ఒకడు పన్నెండు రకాల మొక్కలు తెచ్చి కొండమీద నాటించాడు. మూడు వేసవులు చుక్క నీరు పొయ్యకూడదన్నాడు. కొండ కింది గూడెం నుంచి ఒక ఆడమనిషిని కాపలా పెట్టాడు. పదకొండు రకాలు ఆమె కళ్ళ ముందే ఎండి పుల్లలయ్యాయి. నారేప మొక్క ఒక్కటే మోకాలెత్తున, నాలుగాకులు ముడుచుకుని మిగిలింది.

రాజు వచ్చి దానికి దండ వేయించాడు.

"దీనికి నీళ్ళు అక్కర్లేదు ప్రభూ," అన్నాడు అధికారి.

"అక్కర్ల్యాక కాదు సామీ, ఎవురూ పొయ్యల్యా," అంది కాపలామనిషి.

అధికారి అప్పుడే మొదటిసారి ఆమెను పరకాయించి చూశాడు. "ఈ మూడేళ్ళూ మీ గూడేనికి నీళ్ళెక్కడివి?"

"వాగులో చెలమ ఉండాది సామీ. ఇంటికి అరబిందె."

"అయినా బతికారే!" అన్నాడు. ఆ మెచ్చుకోలు పాడుగాను!

మర్నాడే చెలమ చుట్టూ దడి లేచింది. దడికి చెక్క తలుపు, తలుపుకు తాళం. చెలమ నీళ్ళు బండ్లమీద రాజుగారి పూలతోటకు పోయాయి. కరువుకు తట్టుకునే జనమట, వాళ్ళకు నీళ్ళెందుకట! ఓర్చుకున్నవాళ్ళనే ఇంకా ఎండబెట్టే ఈ బుద్ధిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. గూడెం ఆడవాళ్ళు రెండు కోసులు నడిచి కుంటలోని బురదనీళ్ళు తెచ్చుకున్నారు. అవి తాగి కాపలామనిషి కూతురు వాంతులతో మంచం పట్టింది.

మూడేళ్ళ కరువు తర్వాత, ఆషాఢంలో ఒక మధ్యాహ్నం కొండమీద వాన పడింది. ఒక్కటే వాన. నారేప తనివితీరా తాగింది. పది రోజుల్లో జానెడు చిగురు వేసింది.

అధికారి కొలకర్రతో వచ్చి చూసి మండిపడ్డాడు. "మోసం! ఇది నీళ్ళు తాగుతోంది!"

"దప్పికయితే తాగదా సామీ?"

"తాగితే పరీక్ష తప్పినట్టే. కొట్టెయ్ దీన్ని!" అంటూ గొడ్డలి ఆమె చేతికిచ్చాడు.

ఆమె గొడ్డలి అంచును బొటనవేలితో తడిమి చూసింది. తర్వాత అధికారి ముఖంలోకి చూసింది.

"మేమూ తప్పినాం. రాసుకో," అంది.

గొడ్డలితోనే నారేపను దాటుకుని కొండ దిగిపోయింది. అధికారి కొలకర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి కింద వాగులో, చెక్క తలుపు మీద మొదటి దెబ్బ వినపడింది.