రాజుగారి పళ్లెం దగ్గర పిలవని పేరంటాలు

కందనగిరి అనే ఒకానొక రాజ్యంలో రాజుగారికి వంట చేయడమంటే కత్తిమీద సాముగా ఉండేది. ఏడాది తిరక్కుండా ముగ్గురు వంటవాళ్లకు ఉద్వాసన అయింది. నాలుగోవాడిగా వచ్చినవాడు బాచన. యాభై దాటిన మనిషి. వంటలో చెయ్యి తిరిగినవాడు, మాటలోనూ తక్కువవాడేం కాదు.

రాజుగారి పేరు శత్రుభీకర గజసింహ భూపతి. ఆ పేరు మొత్తం కేకేసి చదివితేగాని కొలువులో అడుగు పెట్టేవాడు కాదు. కోటకు ఒకదాని వెనక ఒకటిగా నాలుగు ద్వారాలు, ద్వారానికి నలుగురు కావలివాళ్లు. మంత్రి కానీ, సొంత బావమరిది కానీ, గుమ్మంలో ఆగి పేరూ పనీ చెప్పుకుని, "హెచ్చరిక" అని కేక వేయించుకుని, అనుమతి అయ్యాకే లోపలికి రావాలి. "మా ఆజ్ఞ లేనిదే మా ఎదుటికి ఈగ కూడా రాదు" అని రోజుకొక్కసారైనా అనకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు.

అంతటి రాజుకూ ఒక కొరత వచ్చిపడింది. అన్నం సయించదు. ఏం తిన్నా రుచి తెలియదు. రాజవైద్యుడు నాడి పట్టి చూసి, నాలుక చాపించి చూసి, "ప్రభువులకు రోగమేమీ లేదు, లోపం వంటవాడి చేతిలో ఉంది" అని తేల్చేశాడు. తప్పు తన మీదికి రాకుండా చూసుకోవడంలో మాత్రం ఆయన హస్తవాసి గొప్పది.

బాచన పనిలో చేరిన పదో రోజున రాజు పళ్లెం పక్కకు తోసేశాడు.

"ఇది వంటా? గడ్డి నయం. రేపు కూడా మాకు రుచి తెలియలేదంటే, ఎల్లుండి పొద్దెక్కేసరికి నువ్వూ నీ కుటుంబమూ పొలిమేర దాటాలి!"

 బాచన ఇంట్లో కోడలికి నెలలు నిండాయి. నిండు చూలాలిని బండెక్కించుకుని ఏ ఊరని వెళతాడు? వంటశాలలో కూలబడి తన వంట తానే రుచి చూసుకున్నాడు. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, పోపు ఘుమఘుమలాడుతోంది. మరి లోపమెక్కడుందిరా భగవంతుడా అనుకున్నాడు.

అప్పుడు, పది రోజులుగా తాను చూస్తున్నదే గుర్తుకొచ్చింది. రాజు ముద్ద కలుపుతాడు. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోతుంది. చూపు ఎదుటి గోడ మీద ఉంటుంది, పెదవులు ఏదో గొణుగుతుంటాయి. కాసేపటికి ముద్ద లోపలికి పోతుంది కానీ, పోయిన సంగతి రాజుకే తెలియదు. బాచనకు విషయం బోధపడింది. అయితే, తప్పు మీదేనని రాజుతో అనడమెలా? తల ఉండొద్దూ!

తలగుడ్డ సర్దుకుని తిన్నగా కొలువుకు వెళ్లాడు. నాలుగు ద్వారాల దగ్గరా పేరు చెప్పుకుని, లోపలికెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక్క విన్నపం. తమరు భోంచేసే వేళకు రోజూ ఎవరెవరో అనుమతి లేకుండా చొరబడి, తమరి పళ్లెంలో రుచంతా తినిపోతున్నారు."

కొలువంతా గుసగుసలు బయల్దేరాయి. రాజు ముఖం జేవురించింది.

"మా భోజనశాలలోకా? ఎవడికిరా అంత గుండె?"

"రేపు గుమ్మంలో నన్ను కావలి ఉండనివ్వండి. వచ్చినవాళ్లను వచ్చినట్టు పేరు పెట్టి చెబుతాను. ఒక్కరినైనా చూపించలేకపోతే పొలిమేర దాకా ఎందుకు, చెరసాలకే పంపండి."

"చూపిస్తే కోరింది ఇస్తాం. లేదా, నీ మాటే ఖాయం!" అన్నాడు రాజు.

మర్నాడు మధ్యాహ్నం రాజు పీట మీద కూర్చున్నాడు. మామిడికాయ పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు వడ్డించారు. బాచన కావలివాడి బెత్తం పుచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. 

రెండు ముద్దలయ్యాయి. మూడోది నోటి దగ్గర ఆగింది. "ఆ పొరుగు రాజు పల్లకికి పదహారు కుచ్చులట..." అని గొణిగాడు రాజు.

బాచన బెత్తంతో నేల తట్టి గొంతెత్తాడు.

"హెచ్చరిక! పొరుగు రాజుగారి పల్లకి పదహారు కుచ్చులతో సహా లోపలికి వచ్చేసింది! అనుమతి ఉందా ప్రభూ?"

రాజు ఉలిక్కిపడి గుడ్లురిమాడు. ఏదో అనబోయి ఆగాడు. పల్లకి వచ్చినమాట నిజమే మరి.

"లేదు. గెంటేయ్!"

"గెంటితే కిటికీలోంచి వస్తుంది ప్రభూ. కొలువులో లాగా ఒక వేళ చెప్పండి, అందాకా బయట కూర్చోబెడతాను."

రాజు ఆలోచించాడు. "సరే, పొద్దు వాలాక విన్నపాల మంటపానికి రమ్మను."

బాచన గుమ్మం బయటికి తిరిగి ఆ ముక్క కేకేసి చెప్పాడు. కాసేపటికి రాజు గొణుగుడులో ఉత్తరపు బురుజు బీటలు వచ్చాయి. ఆ వెనకే, మూడేళ్ల నాటి పెళ్లిలో వియ్యంకుడు నవ్విన నవ్వొకటి వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టు బాచన కేకేశాడు, రాజు వేళ చెప్పి పంపాడు. నవ్వును పంపేటప్పటికి రాజుకే మీసాల కింద నవ్వొచ్చింది.

"ఏమయ్యా, పప్పులో ఇవాళ మామిడికాయ వేశావా?"

"పది రోజులుగా వేస్తూనే ఉన్నాను ప్రభూ."

రాజు పనసపొట్టు కూర కలిపి నోట పెట్టాడు. ఆవఘాటు ముక్కుకెక్కింది. ముద్ద మింగి, "అమ్మ..." అని ఆగిపోయాడు. ఈసారి గుమ్మంలో బెత్తం చప్పుడు కాలేదు.

రాజు తలెత్తాడు. "పిలవలేదేం? ఎవరో వచ్చారు కదా?"

"చూశాను ప్రభూ. కన్నతల్లిని గుమ్మంలో ఆపి పేరడిగే కావలివాణ్ణి కాను నేను. ఆవిడను కూర్చోనివ్వండి. తమరు తినండి."

రాజమాత పోయి అప్పటికి ఏడాది. రాజన్నవాడు ఏడవకూడదని ఆయన ఒక్కనాడూ ఎవరి ఎదుటా కంటతడి పెట్టలేదు. ఇప్పుడు ఒక వంటవాడి ఎదుట కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. చూస్తున్న బాచనకూ దుఃఖం ఆగలేదు.

"పక్కన కూర్చుని ఈ కూర తనే వడ్డించేదయ్యా," అన్నాడు రాజు. "ఇంకొంచెం వెయ్యి."

పొద్దు వాలింది. విన్నపాల మంటపంలో బాచన ఒక్కొక్కరినే పిలిచాడు. బురుజు బీటలు వచ్చాయి. రాజు తాపీపనివాళ్లను పంపమన్నాడు, ఆ పని తేలిపోయింది. పల్లకి రాలేదు. మూడుసార్లు కేకేసినా నవ్వు కూడా రాలేదు.

రాజు గడ్డం గోక్కుంటూ గుర్తు చేసుకోబోయాడు. "అతనెందుకు నవ్వాడో కూడా గుర్తు రావడం లేదు. సరే, నువ్వు గెలిచావు. పొలిమేర మాట మరిచిపో. ఏం కావాలో కోరుకో."

బాచన కళ్లముందు కోడలు మెదిలింది. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. "నాకంటే ముందు వెళ్లిన ముగ్గురినీ పిలిపించండి ప్రభూ. వాళ్ల చేతుల్లోనూ లోపం లేదు," అన్నాడు.

ఆ మాటకు రాజు తల వంచుకున్నాడు. అప్పటికప్పుడే ఆ ముగ్గురికీ కబురు పంపించాడు.

మర్నాడు భోజనం దగ్గర పులుసన్నం కలుపుతూ రాజు చెయ్యి ఆపాడు. బాచన బెత్తం ఎత్తబోయాడు. "ఆగు, ఎవరూ రాలేదు," అన్నాడు రాజు. "ఒక సంగతి తట్టింది. నాలుగు ద్వారాలు పెట్టాను, పదహారుమందిని కాపలా పెట్టాను. ఇన్నాళ్లూ ఈ పిలవని అతిథులందరినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది మాత్రం నేనే కదయ్యా!"

"ఆ మాట నేనంటే తల పోయేది ప్రభూ," అన్నాడు బాచన. "తమరే అన్నారు కనక, ఇంకో గరిటె పులుసు పోస్తాను."

రాజు పొలమారేంతగా నవ్వాడు. నవ్వుతూనే తన బంగారు కంకణం ఊడదీసి, చేతికి పులుసు ఉందన్న ధ్యాస కూడా లేకుండా బాచన ముంజేతికి తొడిగాడు.