జమ్ములో మూడు దెబ్బలు

అనగనగా ఒక అడవిలో, మూడు కొండల నడుమ, ఒక పెద్ద మంచినీళ్ళ చెరువు. ఆ చెరువు గట్టున ఒక బొరియలో గంగులు అనే నీటికుక్క ఉండేవాడు. నీటికుక్క అంటే మన వీధి కుక్క కాదర్రా. పొట్టి కాళ్ళు, బారు తోక, నున్నటి ఒళ్ళు. చేపలు పట్టుకుని బతికే జంతువు.

గంగులుకి ఒక మోటారు పడవ ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. ఒక వరదలో మనుషుల పడవ ఒకటి వెనకాల చిన్న మోటారుతో సహా కొట్టుకొచ్చి చెరువులో పడింది. గంగులు మూడు నెలలు తంటాలు పడి దాన్ని బాగుచేసుకున్నాడు. తాడు పట్టి లాగితే చాలు, డుబడుబడుబమని పరుగెత్తేది. ఈత వచ్చినవాడికి పడవెందుకు అంటారా? అతన్నే అడిగితే, "వయసు మీద పడింది, మోకాళ్ళ నొప్పులు, చన్నీళ్ళు పడవు" అనేవాడు. అసలు సంగతి అది కాదు. మోటారు మోగుతుంటే ఒడ్డున అందరూ తలలు తిప్పి చూసేవాళ్ళు. అదీ సంగతి.

గంగులుకి ఒక్కతే కూతురు, పేరు పైడమ్మ. తల్లి లేని పిల్ల. గంగులే తల్లీ తండ్రీ అయి పెంచాడు. ఆ ఏడు పైడమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. నోటికి ఏదీ రుచించడం లేదు. ముద్ద పెడితే పక్కకి తిరిగి పడుకుంటోంది.

"ఏం తినాలని ఉంది తల్లీ?" అని అడిగాడు గంగులు.

"కొరమీను తినాలని ఉంది నాన్నా," అంది పైడమ్మ. "చిన్నప్పుడు అమ్మ పెట్టేది చూడు, అలాంటిది."

ఆ మాట వినగానే గంగులుకి కళ్ళు చెమ్మగిల్లాయి. కొండ మీది కోతిని తెమ్మన్నా తెచ్చేవాడే. కొరమీను ఒక లెక్కా!

కానీ కొరమీను ఎక్కడ పడితే అక్కడ దొరకదు. చెరువు అవతలి వైపు తామర మడుగులో ఉంటుంది. అదీ తెల్లవారుజామునే పైకి వస్తుంది. ఎండెక్కితే బురదలోకి దిగిపోతుంది. చేపలు కూడా మాట్లాడతాయా అని మాత్రం అడగకండి. ఈ కథలో చేపలు మాట్లాడవు. అవి కూడా మాట్లాడితే ఇందులో ఎవరికీ ముద్ద దిగదు.

తామర మడుగుకి వెళ్ళాలంటే దారిలో జమ్ము దాటాలి. మనిషెత్తు పెరిగే నీటి గడ్డే జమ్ము. ఆ జమ్ములో బుడుబుంగలు గూళ్ళు కట్టుకుంటాయి. బుడుబుంగ అంటే గుప్పెడంత నీటిపిట్ట. ఇప్పుడు ఇక్కడ మునిగితే ఎక్కడో తేలుతుంది. దాని గూడు చెట్టు మీద ఉండదు, నీళ్ళ మీదే తేలుతూ ఉంటుంది. నాచూ ఆకులూ పోగేసి, జమ్ము కాడలకి ముడేసి, దాని మీద గుడ్లు పెడుతుంది. మేతకి వెళ్ళేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి మరీ వెళ్తుంది. చూసేవాళ్ళకి అది గూడులా కనిపించదు, ఏదో చెత్త పోగులా కనిపిస్తుంది.

అందుకే ఆ చెరువులో ఒక పద్ధతి ఉంది. పడవ మీద ఎవరొచ్చినా జమ్ము మొదట్లో ఆగాలి. తెడ్డుతో పడవ అంచు మీద టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు కొట్టాలి. అప్పుడు లోపలి నుంచి బుడుబుంగ "కిర్ర్‌ర్" అని పలుకుతుంది. పలుకు కుడివైపు నుంచి వస్తే పడవ ఎడమకి తిప్పాలి. ఎడమ నుంచి వస్తే కుడికి తిప్పాలి. అంతే. తాబేలు సన్యాసి తాత చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఆ తాత వయసెంతో ఆ తాతకే తెలీదు.

మొదటి రోజు గంగులు చీకటి విడుతుండగానే మోటారు పడవ తీశాడు. జమ్ము దగ్గరికి వచ్చాడు. ఒక చేత్తో మోటారు పట్టుకుని, ఇంకో చేత్తో తెడ్డు తీసి, టక్ టక్ టక్ అని కొట్టాడు. మోటారు మాత్రం ఆపలేదు. జమ్ము చీల్చుకుంటూ వెళ్ళిపోయాడు. పడవ వెనకాల పెద్ద అల లేచింది.

ఆ రోజు గాలానికి కొరమీను పడినట్టే పడి జారిపోయింది. గంగులు పరిగెలనే చిన్న చేపలు పట్టుకుని తిరిగొచ్చాడు. జమ్ము చివర నూకాలు అనే బుడుబుంగ ఎదురొచ్చింది.

"మావా, నాను పలికాను. నువ్వు వినలేదేటి?" అంది. "నా గూట్లో అయిదు గుడ్లున్నాయి. నీ అలకి గూడు ఊగిపోయింది."

"అదేంటమ్మా, మూడు దెబ్బలూ కొట్టాను కదా!" అన్నాడు గంగులు. నిజంగానే అతనికి తన తప్పేంటో అర్థం కాలేదు.

"కొట్టావు మావా. కానీ మోటారు మోగుతుంటే నా పలుకు నీకెలా వినపడుద్ది?"

"సరేలే అమ్మా, రేపు చూద్దాం. మా పైడమ్మకి కొరమీను తేవాలి, బేగి వెళ్ళాలి," అన్నాడు గంగులు.

రెండో రోజు కూడా అంతే. టక్ టక్ టక్. డుబడుబడుబ. కొట్టడం తన పని, కొట్టేశాను, ఇంకేముంది అనుకున్నాడు. మా ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడున్నాడు. "అమ్మా, రానా?" అని అడుగుతూనే గదిలోకి వచ్చేస్తాడు. పేరు చెప్పను. వాడే నవ్వుతున్నాడు, చూసుకోండి.

ఆ రోజు అలకి నూకాలు గూట్లోకి నీళ్ళొచ్చాయి. ఒక పక్క ముడి ఊడింది. నూకాలూ, దాని మొగుడు అప్పన్నా రోజంతా నాచు మోసి గూడు సరిచేసుకున్నారు. సన్యాసి తాత ఒక రాయి మీద ఎండ కాచుకుంటూ ఇదంతా చూశాడు. గంగులు తిరిగి వస్తుంటే మెడ బయటికి చాచాడు.

"ఏరా గంగులూ! కొట్టావు సరే. విన్నావా?" అన్నాడు.

"ఆగితే ఎండెక్కిపోద్ది తాతా! ఇంట్లో పిల్ల తిండి లేక నీరసపడిపోతోంది."

"నీ పిల్ల పిల్లే. నూకాలు పిల్లలు పిల్లలు కారేటి?" అన్నాడు తాత. గంగులు ఆ మాట చెవిన పెట్టలేదు.

ఆ రాత్రి కొండల మీద పెద్ద వాన పడింది. తెల్లారేసరికి చెరువు నిండి అలుగు పారుతోంది. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు బయటికి దూకే చోటే అలుగు. దాని కింద అన్నీ రాళ్ళే.

మూడో రోజు పైడమ్మకి నొప్పులు మొదలయ్యాయి. పొరుగింటి ముసలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నాన్నా, బేగి వచ్చెయ్," అంది పైడమ్మ. గంగులు పరుగున పడవెక్కాడు. జమ్ము దగ్గర టక్ టక్ టక్ అని గబగబా కొట్టి మోటారుని ఇంకా జోరుగా పోనిచ్చాడు. మధ్యలో పడవ కింద ఏదో పటపటమని తెగింది. నాచు అయి ఉంటుందిలే అనుకున్నాడు.

తామర మడుగులో గాలం వేశాడు. వేసీ వేయగానే కర్ర వంగిపోయింది. కొరమీను! మోచేతంత కొరమీను! "పైడమ్మా, దొరికింది తల్లీ!" అని గట్టిగా అరిచాడు.

సరిగ్గా అప్పుడే మడుగు పక్కనుంచి ఒక చెత్త పోగు తేలుతూ వెళ్ళింది. దాని వెనకాలే నూకాలు ఏడుస్తూ ఈదుతోంది. ఆ చెత్తకి తన చిన్న రొమ్ము ఆనించి వెనక్కి తొయ్యాలని చూస్తోంది. అప్పన్న ఇంకో పక్క నుంచి తోస్తున్నాడు. నీటి లాగుడు వాళ్ళని కూడా లాక్కుపోతోంది.

గంగులు తేరిపార చూశాడు. అది చెత్త కాదు. గూడు. ఇందాక తన పడవ కింద తెగింది నాచు కాదు. గూటిని కాడలకి కట్టిన ముళ్ళు. ఆ గూడు అలుగు వైపు పోతోంది.

గూటిని లాగాలంటే తాడు కావాలి. పడవలో ఉన్నది ఒక్క గాలం తాడే. దాని చివర కొరమీను కొట్టుకుంటోంది. గంగులు ఒకసారి కొరమీనుని చూశాడు. ఇంటి వైపు చూశాడు. అక్కడ తన పిల్ల. ఇక్కడ ఇంకొకరి పిల్లలు. సన్యాసి తాత మాట అప్పటికి గాని చెవికెక్కలేదు.

గాలం నుంచి కొరమీనుని విప్పేశాడు. అది తోకతో ఒక్క చరుపు చరిచి మునిగిపోయింది.

గంగులు మోటారు తాడు పట్టుకున్నాడు. నూకాలు అరిచింది. "మోటారు వద్దు మావా! అల తగిలితే గుడ్లు ములిగిపోతాయి!"

ఈసారి గంగులు విన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెడ్డు పట్టి, చప్పుడు కాకుండా గూటి దగ్గరికి పడవని చేర్చాడు. మోకాళ్ళ నొప్పులన్న మాటే మర్చిపోయి నీళ్ళలోకి దిగాడు. గాలం తాడు గూటి అడుగు నుంచి చుట్టి ముడేసి, రెండో కొస పడవకి కట్టాడు. "ఎక్కమ్మా, ఎక్కి గుడ్ల మీద కూర్చో. చల్లబడిపోతాయి," అన్నాడు. నూకాలు గూడెక్కి రెక్కలు విప్పి కూర్చుంది.

అప్పుడు మొదలైంది లాగడం. అలుగు అటు లాగుతుంది, గంగులు ఇటు లాగుతాడు. గట్టిగా తెడ్డేస్తే గూడు చీలిపోతుంది. మెల్లగా వేస్తే వెనక్కి పోతుంది. సన్యాసి తాత కూడా వచ్చి తాడు నోట కరిచి పట్టాడు. అప్పన్న వెనక నుంచి తోశాడు. ఎండ నడినెత్తికొచ్చింది. గంగులు అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. అయినా తెడ్డు వదల్లేదు. పొద్దు వాలేవేళకి గూడు జమ్ములోకి చేరింది. గంగులే దాన్ని కాడలకి కట్టాడు. ఒకటి కాదు, మూడు ముళ్ళు వేశాడు.

నూకాలు మెల్లగా లేచి, నాచు పక్కకి జరిపి చూసుకుంది.

నాలుగే ఉన్నాయి.

గంగులు తల దించుకున్నాడు. "తప్పు నాదే నూకాలమ్మా," అన్నాడు. "నువ్వు రోజూ పలికావు. నేనే వినలేదు."

నూకాలు ఉన్న నాలుగింటినీ రెక్కల కింద సర్దుకుని మళ్ళీ కూర్చుంది.

గంగులు వట్టి చేతులతో ఇంటికి చేరాడు. లోపల పైడమ్మ పక్కన అప్పుడే పుట్టిన రెండు బుల్లి గుంటలు కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నాయి. వాటిని చూసి గంగులుకి ఏడుపు ఆగలేదు. జరిగిందంతా చెప్పాడు. "కొరమీను తేలేకపోయాను తల్లీ," అన్నాడు. పైడమ్మ తండ్రి అరచేతులు తీసుకుని చూసింది. "అమ్మ ఉన్నా ఇదే చెయ్యమనేది నాన్నా," అంది.

దీపాలవేళ గుమ్మంలో అలికిడైంది. అప్పన్న! ముక్కున ఒక చిన్న పరిగె పట్టుకొచ్చి గడప మీద పెట్టాడు. మళ్ళీ వెళ్ళాడు. ఇంకొకటి తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. అలా పదకొండు పరిగెలు తెచ్చాడు.

"ఏటిది అప్పన్నా?" అన్నాడు గంగులు.

"నూకాలు పంపింది మావా. బాలింత ఉట్టి కడుపుతో పడుకోకూడదంది."

గంగులు ఆ పరిగెల ముందు కూలబడిపోయాడు. పైడమ్మ పదకొండూ తింది. ఎన్నాళ్ళ తర్వాతో కడుపు నిండా తింది.

మర్నాటి నుంచి గంగులు జమ్ము చాలా దూరాన ఉండగానే మోటారు ఆపేసేవాడు. మొదట్లో నిలబడి టక్, టక్, టక్ అని కొట్టి చెవులు రిక్కించి వినేవాడు. మొదటి రోజు పలుకు రాలేదు. నూకాలుకి ఇంకా దుఃఖం తీరలేదు కదా! గంగులు కాసేపు ఆగి, జమ్ములోకి వెళ్ళకుండా పడవ వెనక్కి తిప్పుకుని వచ్చేశాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు, ఎండ బాగా ఎక్కాక, లోపలి నుంచి సన్నగా "కిర్ర్‌ర్" అని వినిపించింది. గంగులు పడవని పక్కకి తిప్పి, తెడ్డుతో నెమ్మదిగా దాటాడు. ఆలస్యం అయ్యేది. కొరమీను కొన్నిసార్లు దొరికేది, కొన్నిసార్లు దొరికేది కాదు. దొరికిన రోజున ఒక ముక్క జమ్ము అంచున పెట్టి వెళ్ళేవాడు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక పొద్దున పైడమ్మ పిల్లలిద్దరినీ ఒళ్ళో పెట్టుకుని తండ్రి పడవెక్కింది. జమ్ము దగ్గర గంగులు మోటారు ఆపాడు. చెరువంతా నిశ్శబ్దమైపోయింది.

"ఇక్కడెందుకు ఆగాం నాన్నా?" అంది పైడమ్మ.

"జవాబు రావాలి తల్లీ," అన్నాడు గంగులు. టక్, టక్, టక్ అని కొట్టాడు.

లోపలి నుంచి "కిర్ర్‌ర్" అని నూకాలు పలికింది. దాని వెనకాలే పలచటి గొంతుతో ఇంకో "కిర్". మరొకటి. ఇంకొకటి. ఇంకొకటి. నాలుగు.

జమ్ము కాడల మధ్య నుంచి నూకాలు ఈదుకుంటూ వచ్చింది. దాని వీపు మీద రెక్కల సందుల్లోంచి నాలుగు చారల తలలు తొంగి చూస్తున్నాయి. గంగులు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, ఆ నలుగురూ తన పడవ ముందు నుంచి అవతలికి దాటేదాకా కదలకుండా కూర్చున్నాడు.

నీతి: అడగడంతో సరిపోదు, ఎంత తొందరలో ఉన్నా ఎదుటివాళ్ళ జవాబు వినేదాకా ఆగాలి.